కష్టకాలమున హాస్యము

ఈ శీర్షిక చూడగానే చదువరులలో కొందఱికి కోపము రావచ్చును. "ఇంట బియ్యము నిండుకొన్నప్పుడు నవ్వెక్కడిది, మాష్టారూ?" అని అడుగువారుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానిని నవ్వుమని బోధించుటకంటె మోటుతనము వేఱొకటి లేదు. కనుక నేనీ వ్యాసమున నెవ్వరిని నవ్వుమని చెప్పబోను. కష్టములో నున్నవారు తమంత తామే నవ్విన సందర్భములు కొన్ని నేనెఱుగుదును. అట్టి నవ్వు ఎట్లు పుట్టునో, అది యేమి చేయగలదో, ఏమి చేయజాలదో చెప్పుటయే నా యుద్దేశము.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రి కోనసీమపై తుపాను విరుచుకొని పడెను. గోదావరి తీరమున వేయిమందికి పైగా మరణించిరి. సముద్రముపై వేటకు పోయినవారు పెక్కుమంది తిరిగి రాలేదు. కొబ్బరితోటలు లెక్కకు మిక్కిలిగా నేలకూలినవి. నాకప్పుడు పదునాలుగేండ్లు. మా తండ్రిగారికి 32 కొబ్బరిచెట్లుండెడివి. మా సంసారమున కవియే ఆధారము. తెల్లవారునప్పటికి ఐదు మాత్రము నిలిచియుండెను. ఆయన మూడు దినములు ఎవ్వరితోను మాటలాడలేదు. అరుగుమీద కూర్చుండి పడిన చెట్లవైపు చూచుచుండెడివారు. మా తల్లిగారు అన్నము పెట్టిన తినెడివారు. పెట్టకున్న అడిగెడివారు కారు.

నాలుగవనాడు మా చెట్లకు దింపు తీయునతడు వచ్చెను. కోనసీమ నెఱుగనివారి కొక్కమాట: చెట్లెక్కి కాయలు కోసి దించుటను మావైపు దింపు అందురు. కూలి విషయమున మా తండ్రిగారికిని అతనికిని ప్రతి దింపునందును తగవే. ఆ రాత్రి అతని గుడిసెయు పోయినది. చెట్లు పోయిన పిమ్మట జీవనమును పోయినట్లే గదా! అతడు పడిన చెట్ల నన్నిటిని ఒకమారు కలయజూచి, తలగుడ్డ విప్పి అరుగు ప్రక్కను చతికిలబడి, "ఆయ్, ఈసారి దింపు గాలే తీసేసిందండి. మరి కూలి ఎవరికిత్తారండి?" అనెను.

మా తండ్రిగారు కొంతసేపు అతనివైపు చూచి, ఒక్కమారుగా పకపక నవ్విరి. నవ్వుచు నవ్వుచునే యేడ్చిరి. పిల్లలమందఱము భయపడితిమి. తరువాత ఆయన లేచి, కాళ్లుచేతులు కడుగుకొని, అతనికిని తనకును అన్నము వడ్డింపుమని మా తల్లిగారితో చెప్పిరి. ఆ మధ్యాహ్నమే యిద్దఱును గొడ్డళ్లు తీసికొని, దారి కడ్డముగా పడిన మ్రాకులను కొట్టుటకు మొదలిడిరి.

ఆ మాటలో నేమున్నది? చాలకాలము నాకు బోధపడలేదు. ఇప్పుడు తోచుచున్నదేమనగా, అతడు అంతటి తుపానును మా పెరటిలోని కూలిబేరములోనికి దింపివేసెను. పేరు తలచినంతనే గుండె జారు గాలి, రెండు రూపాయలకై మాతో వాదించు కూలివాడైపోయెను. అట్టివానితో నెవరైనను తగవులాడవచ్చును. ఇంకొక విషయము. అతడు చెట్లు పోలేదనలేదు. అంతయు మంచికేయనియు అనలేదు. పోయినవని ముందు ఒప్పుకొనెను, ఒప్పుకొన్న పిమ్మటనే నవ్వించెను. బంధువులు వచ్చి, "పోనీలే, ప్రాణాలు దక్కాయి" అని చెప్పిన ఓదార్పు మా తండ్రిగారి చెవి కెక్కలేదు. ఈతని మాట యెక్కెను. తనతోపాటు సర్వమును పోగొట్టుకొన్నవాని మాట యది.

మా జిల్లావారికి వెటకారము ఉగ్గుపాలతో వచ్చునని యితరులందురు. గణపతి నవలతో ఆంధ్రదేశము నంతటిని నవ్వించిన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు (1867-1946) మా గోదావరి ప్రాంతమువారే. చిన్ననాటినుండియు ఆయనకు చూపు మందము. తరువాత అదియు పోయినది. ఇంతకంటె మావారిని పొగడుట బాగుండదు.

హాస్యమును పట్టుదలతో అభ్యసించినవారును కలరు. వియన్నా నగరమున మానసిక వైద్యుడుగా నుండిన విక్టర్ ఫ్రాంక్లును, యూదుడైనందున, 1942లో నాజీలు నిర్బంధించిరి. ఆయన తల్లిదండ్రులును, సోదరుడును, భార్యయు ఆ నిర్బంధశిబిరములలోనే మరణించిరి. అక్కడ కట్టడపు పనిలో తనతో కూలి చేయుచున్న యొక స్నేహితునితో ఫ్రాంక్లు ఒడంబడిక చేసికొనెను: విడుదలయైన తరువాత జరుగదగిన నవ్వువచ్చు కథ నొకదానిని ప్రతిదినమును కల్పింపవలెనని. ఆ స్నేహితుడు శస్త్రవైద్యుడు. శిబిరములో పై యధికారి వచ్చుచున్నాడనగా మేస్త్రీ "పని, పని" యని కేకలు వేసి కూలివారిని తొందరపెట్టెడివాడు. రేపు నీవు ఆస్పత్రిలో శస్త్రచికిత్స చేయుచుండగా పెద్దవైద్యుడు వచ్చుచున్నాడని బంట్రోతు ఇట్లే కేకవేయునని ఫ్రాంక్లు చెప్పెను. మఱియొక కథ గంజివంటి పులుసును గూర్చినది. ఆ నీళ్లపులుసులో ఉన్న నాలుగు బఠాణీలును అడుగుననే యుండును గనుక అందఱకు అడుగునుండి తోడించుకొనవలెనని ఆశ. విడుదలయైన పిమ్మట గొప్పవారింట విందునకు పోయినప్పుడు సైతము అలవాటున మఱచి, గృహిణిని అడుగునుండి వడ్డింపుమని బతిమాలుకొందుమని వారు చెప్పుకొనిరి. 1945లో విడుదలయై, మఱుసటి యేట ప్రకటించిన గ్రంథములో ఫ్రాంక్లు ఈ సంగతులు వ్రాసెను. ఈ కథలవలన పులుసు చిక్కబడలేదు. కాని అవి కల్పించు నంతసేపును ఆ యిద్దఱును శిబిరము వెలుపల నుండి దానిని వెనుదిరిగి చూచుచుండిరి.

నవ్వు శరీరమునకేమి చేయునో పరిశోధించినవారు కలరు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రాబిన్ డన్బారును ఆయన తోడివారును 2011లో ప్రకటించిన పరిశోధనలో, నలుగురిలో కూర్చుండి హాస్యచిత్రములు చూచి నవ్వినవారు నొప్పిని మునుపటికంటె ఎక్కువగా ఓర్చుకొనిరని తేల్చిరి. నవ్వునప్పుడు మెదడులో పుట్టు ఎండార్ఫినులు దీనికి కారణమని వారి యభిప్రాయము. మనుష్యులు ఒంటరిగా నున్నప్పటికంటె పదుగురిలో నున్నప్పుడు సుమారు 30 రెట్లు అధికముగా నవ్వుదురనియు, ఆ నవ్వులో ఎక్కువ భాగము చమత్కారములకు గాక మామూలు మాటలకే వచ్చుననియు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్ గమనించెను. ఇది నిజమని మా యింటనే నాకు తెలియును. తుపాను తరువాత కొన్ని వారములు మాకు పచ్చడి కొబ్బరి, కూర కొబ్బరి, అన్నమును కొబ్బరియే. ఆఱేండ్ల మా తమ్ముడొకనాడు భోజనప్రార్థన చేయుచు, "ఈ అన్నానికి స్తోత్రం ప్రభువా, కొబ్బరి సంగతి అమ్మనే అడుగు" అనెను. వాడు చమత్కరింపలేదు, నిజమే చెప్పెను. మా తల్లిగారు పైటకొంగు నోటికి అడ్డము పెట్టుకొని వంటయింటిలోనికి పరుగెత్తిరి.

ఇక నా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట నా తరగతి విద్యార్థి యొకడు తన తండ్రి చొక్కా తొడుగుకొని వచ్చెను. చేతులు వ్రేళ్లను దాటి వ్రేలాడుచుండెను. "చొక్కా వచ్చింది సరే, నువ్వెక్కడరా?" అని నేనంటిని. తరగతి యంతయు నవ్వెను. అతడును నవ్వెను, అది చూచి నా మాట చక్కగా పేలినదనుకొని సంతోషించితిని. మఱునాడతడు బడికి రాలేదు, ఆ మఱునాడును రాలేదు. విచారింపగా, తండ్రి ఆస్పత్రిలో నున్నాడనియు, బాలునికి ఉదికి ఆరవేయువారు లేక ఆ చొక్కా తొడుగుకొనెననియు తెలిసినది. వారింటికి పోయి, వాని యవ్వ యెదుటనే, నాది తప్పని చెప్పితిని. పదుగురును నవ్వునప్పుడు బాలుడు నవ్వక యేమి చేయును? కష్టము వానిది, దానినిగూర్చి మొదట నవ్వు నధికారమును వానిదే. వాడు తలుపు తెఱచినప్పుడే మనము లోనికి పోవలెను. దింపువాడు నవ్వించిన తుపానునుగూర్చియే, ఏ చెట్టును పోని పొరుగూరి ఆసామి నవ్వియుండినచో, మా తండ్రిగారతనిని గుమ్మము దిగుమనియుందురు.

మా పెరటిలో మరల మొక్కలు నాటితిమి. దేశవాళి కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు పట్టును. 2004లో ఆ క్రొత్త చెట్లకు మొదటి దింపు తీయుటకు అతడే వచ్చెను. అప్పటికి తల నెరసినది. కాయలు లెక్కపెట్టి, మా తండ్రిగారు కూలి ఇయ్యబోగా, "ఆయ్, పాతబాకీ ఒకటుందండి. ఆ గాలి మళ్లీ ఇటేపు రాలేదు కదండీ, దాని కూలి కూడా నాకే ఇచ్చెయ్యండి" అనెను. "గాలి ఒక్క చెట్టయినా ఎక్కిందా ఏమిటయ్యా? కిందనుంచే లాగేసింది. దానికి సగం కూలే" అని మా తండ్రిగారనిరి. ఇద్దఱును అరుగుమీద కూర్చుండి అరగంట బేరమాడిరి.