ఇంటిపేరు మారిన కోడు

దత్తత వెళ్లిన పిల్లాడికి ఇంటిపేరు మారుతుంది. మనిషి అదే మనిషి. కానీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్కు అన్నీ మార్పించుకునేదాకా ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటి దత్తత ఒకటి జరిగింది. ఒక్క కాగితం మార్చడం మర్చిపోతే ఏమవుతుందో నాకు అనుభవంలో తెలిసొచ్చింది.

బ్యాంకులు, బీమా కంపెనీలు వాడే పెద్ద అప్లికేషన్లలో జావాలో రాసినవి చాలా ఉన్నాయి. డేటాబేసుతో ఎలా మాట్లాడాలి, వెబ్ రిక్వెస్టును ఎలా అందుకోవాలి అన్నవాటికి ఎవరికి తోచిన దారి వాళ్లు పట్టకుండా ఉమ్మడి నియమాలు పెట్టారు. 1999 డిసెంబరులో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన జె2ఈఈ అలాంటిదే. తర్వాత దాన్నే జావా ఈఈ అన్నారు. ఆ ప్యాకేజీల పేర్లు ‘జావాఎక్స్’ అని మొదలయ్యేవి. అదే వాటి ఇంటిపేరు.

2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. 2017లో జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు చెప్పింది. పిల్లాణ్ణి ఇచ్చింది గానీ ఇంటిపేరు ఇవ్వలేదు. ఆ పేరుతో కొత్త మార్పులు చేసుకునేందుకు ఒప్పందం కుదరలేదని 2019లో తేలిపోయింది. దాంతో 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో ‘జావాఎక్స్’ పోయి ‘జకార్తా’ వచ్చింది. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 కూడా కొత్త పేరునే పట్టుకుంది. పాత వెర్షన్‌కు ఉచిత సపోర్టు ఆగిపోతే సెక్యూరిటీ లోపాలు సరిచేసేవాళ్లుండరు. కాబట్టి కదలక తప్పదు.

మా టీమూ కదిలింది. “ఫైండ్ అండ్ రీప్లేసే కదా, రెండ్రోజుల పని” అని మీటింగులో గొప్పగా చెప్పింది నేనే. మొదటి దెబ్బ వెంటనే తగిలింది. కనబడ్డ ప్రతి ‘జావాఎక్స్’నూ మార్చేస్తే, డేటాబేసు కనెక్షన్లకు వాడే జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ కూడా మారిపోయింది. అది దత్తత వెళ్లలేదు, పుట్టింట్లోనే ఉండిపోయిన అన్నదమ్ముడు. కంపైలరు గోలపెట్టింది, సరిచేసుకున్నాం. గోలపెట్టే తప్పుతో భయం లేదు.

అసలు తప్పు నోరెత్తలేదు. మా అప్లికేషన్లన్నీ వాడుకునే పాత కామన్ లైబ్రరీ ఒకటుంది. ఆర్డరు వివరాలు మోసే క్లాసులు అందులోనే ఉన్నాయి. ‘క్వాంటిటీ కనీసం 1 ఉండాలి’ అన్న షరతు కూడా అక్కడే, చిన్న ఎనొటేషన్‌గా ఉంది. దాని ఇంటిపేరు పాతదే. పాత జార్ ఫైలు కూడా వెంట వచ్చేయడంతో కంపైలరుకు ఏ లోటూ కనబడలేదు. కానీ షరతులు తనిఖీ చేసే కొత్త వ్యాలిడేటరు ‘జకార్తా’ పేరున్నవాటినే చూస్తుంది. పాతవి కనబడితే ఎర్రర్ ఇవ్వదు, అసలు పట్టించుకోదు.

మా టెస్టులన్నీ పాసయ్యాయి. అవన్నీ లోపలి లాజిక్‌నే నేరుగా పిలిచేవి. బయటి రిక్వెస్టు వచ్చే దారిలో ఒక్కటీ వచ్చేది కాదు. విడుదలకు రెండ్రోజుల ముందు మా టెస్టింగ్ అక్క క్వాంటిటీలో మైనస్ 5 కొట్టింది. ఆర్డరు ఓకే అయింది, బిల్లు మైనస్‌లో వచ్చింది. అంటే మేమే కస్టమరుకు బాకీ!

“ఇది కొత్త ఫీచరా తమ్ముడూ?” అంది. నాకు నోట మాట రాలేదు.

విడుదల వాయిదా వేశాం. తప్పుడు ఇన్‌పుట్ తిరగ్గొట్టాలని చెప్పే టెస్టులు రాసి, ముందు పాత వెర్షన్ మీద నడిపి, అక్కడ పాసైనవే కొత్తదాని మీద నడిపాం. లైబ్రరీ మార్చాం. ఇంకా కదలని టీముల కోసం పాతదాన్నీ ఉంచాం. పాత వ్యాలిడేషన్ జార్ మళ్లీ ఎటునుంచి దూరినా బిల్డే ఆగిపోయేలా కట్టడి చేశాం. రెండ్రోజుల పని ఆరు వారాలు పట్టింది.

స్టాండర్డులు మారతాయి. రేపు ఇంకో పేరు రావచ్చు. కానీ ‘ఒకటికి తక్కువ ఆర్డరు తీసుకోకూడదు’ అన్నది ఏ స్టాండర్డూ నేర్పింది కాదు, కిరాణా కొట్టు నుంచీ ఉన్న నియమం. ఇల్లు మారేటప్పుడు సామానంతా వచ్చిందో లేదో లెక్కపెట్టుకుంటాం కదా, కోడు మార్చేటప్పుడు అలాంటి నియమాలను లెక్కపెట్టుకోవాలి. ఇప్పుడు మీటింగులో ఎవరైనా “రెండ్రోజుల పని” అంటే, నేను ముందు మైనస్ 5 కొట్టి చూడమంటున్నా.