వేలిముద్రల్లో వృత్తి: దారి తోచనివారికి అమ్ముతున్న అపోహ

చేస్తున్న ఉద్యోగంలో మనసు నిలవక, అది మానితే మరేం చేయాలో పాలుపోక సతమతమవుతున్నవారికి కొన్నేళ్లుగా ఒక పరీక్ష జోరుగా అమ్ముడవుతోంది. పది వేళ్ల ముద్రలను స్కానర్ మీద తీసుకొని, వాటిలోని గీతలను లెక్కించి, ఆ మనిషి పుట్టుకతోనే ఏ వృత్తికి తగినవాడో తేల్చి చెబుతామని దాన్ని నడిపేవారు ప్రకటించుకుంటారు. డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్ అనే పొడవైన పేరును కుదించి డీఎంఐటీ అని పిలిచే ఈ సరుకుకు మొదటి గిరాకీ బడిపిల్లల తల్లిదండ్రులే. పదో తరగతి పూర్తయ్యాక ఎంపీసీయా, బైపీసీయా అని తర్జనభర్జన పడే ఇళ్లలో దీనికి చోటు దొరికింది. ఉద్యోగంలో చేరి కొన్నేళ్లు గడిచాక కూడా ఏదో వెలితిగా ఉందనుకునేవారు ఆ తరువాత వచ్చిన గిరాకీ. వేలకు వేలు ఖర్చు కావడం ఇందులో చిన్న నష్టమే. నివేదికను నమ్మిన మనిషి తాను ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న పనిని పొరపాటుగా లెక్కగట్టి, తన అసలు జీవితం ఎక్కడో వేరే రంగంలో మొదలుకాకుండా ఉండిపోయిందని నమ్మడమే పెద్ద నష్టం.

నివేదికను ఒకసారి దగ్గరగా చూడాలి. ముప్పై నలభై పేజీల రంగుల పుస్తకంలో మొదట మెదడు బొమ్మ ఉంటుంది. బొటనవేలిని మెదడు ముందుకొసకూ, చిటికెనవేలిని చూపుకు సంబంధించిన వెనుక భాగానికీ, మధ్య వేళ్లను మిగిలిన భాగాలకూ బాణాలతో కలుపుతారు. ఆ తరువాత ఎనిమిది రకాల మేధలకు శాతాలు వేస్తారు, అన్నీ కలిపితే సరిగ్గా నూరు వచ్చేటట్టు. అంటే సంగీతంలో ప్రతిభ ఎక్కువగా ఉన్నవాడికి గణితంలోనో మరొకదానిలోనో తక్కువ కాక తప్పదన్నమాట. గద్ద, పావురం, గుడ్లగూబ, నెమలి అన్న నాలుగు పక్షుల్లో ఒకదాన్ని స్వభావంగా అంటగట్టి, చివరి పేజీల్లో తగిన వృత్తుల జాబితా ఇస్తారు. ఆ జాబితా ఎంత విశాలంగా ఉంటుందంటే, చదివినవారికి తమకు నచ్చినదో, తమ తండ్రికి నచ్చినదో అందులో ఎక్కడో ఒకచోట తారసపడక మానదు.

డెర్మటోగ్లిఫిక్స్ అంటే వేళ్లు, అరచేతులు, అరికాళ్ల మీద చర్మం ఏర్పరచే గట్ల అమరికను అధ్యయనం చేసే శాస్త్రం. ఈ మాటను 1926లో వాడుకలోకి తెచ్చినది హెరాల్డ్ కమిన్స్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త. శాస్త్రం నిజమైనదే, దాని పేరు మీద జరుగుతున్న వ్యాపారమే నిజం కాదు. తల్లి గర్భంలో పదో వారం ప్రాంతంలో మొదలయ్యే ఈ గట్లు 24వ వారం నాటికి స్థిరపడి, ఆ తరువాత జీవితాంతం మారవు. జన్యువుల ప్రభావం ఉన్నా, గర్భంలో వేలు పెరిగిన వేగం, ఆ వేలికొసన ఉన్న మెత్తటి ఉబ్బు ఆకారం వంటివి కూడా వాటి రూపాన్ని నిర్ణయిస్తాయి కాబట్టే ఒకే అండం నుంచి పుట్టిన కవలల వేలిముద్రలు కూడా ఒకటి కావు. డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోముల లోపాలున్నవారి అరచేతి గీతల్లో ప్రత్యేకమైన అమరికలు తరచుగా కనిపిస్తాయని కమిన్స్ గమనించిన మాట వాస్తవం. అయితే గర్భంలోనే దేహమంతటి ఎదుగుదలనూ మార్చివేసే స్థితి చర్మం మీద కూడా జాడ వదిలితే, దాని నుంచి ఆరోగ్యవంతుడైన మనిషి చార్టర్డ్ అకౌంటెంట్ కావాలో, సినిమా ఎడిటర్ కావాలో తేలుతుందని చెప్పడం ఏ తర్కానికీ అందదు.

వేలిముద్రలకు భారతదేశంలో ఉన్న చరిత్ర కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినదే. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడినప్పుడు, వాటిని వర్గీకరించే పద్ధతి వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగుల శ్రమ ఉంది. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఆ పద్ధతి తేల్చేది ఆ మనిషి ఎవరన్నది మాత్రమే, అతడు ఎలాంటివాడన్నది కాదు. అంతకు ముందే 1892లో వేలిముద్రల మీద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ గాల్టన్, వాటిలో మనిషి స్వభావానికీ తెలివికీ గుర్తులు దొరుకుతాయేమోనని ఆశపడి వెతికి, దొరకవని ఒప్పుకున్నాడు. నూరేళ్లు దాటాక ఆ దొరకనిదాన్నే స్కానర్‌తో మళ్లీ అమ్ముతున్నారు. వంద కోట్లకు పైగా భారతీయుల వేలిముద్రలు ఆధార్ నిల్వల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో నిజంగా వృత్తి రాసిపెట్టి ఉంటే నిరుద్యోగ సమస్యను ఒక మధ్యాహ్నంలో తీర్చివేయవచ్చు.

చర్మమూ మెదడూ పిండంలోని ఒకే పొర నుంచి ఏర్పడతాయి కాబట్టి ఒకదాన్ని చూసి మరొకదాన్ని చదవవచ్చన్నది ఈ వ్యాపారులు చూపే ప్రధానమైన ఆధారం. ఎక్టోడెర్మ్ అనే ఆ బయటి పొర నుంచే వెంట్రుకలూ, గోళ్లూ, పంటి ఎనామెల్ కూడా ఏర్పడతాయి. ఆ లెక్కన కెరీర్ కౌన్సెలింగ్ సెలూన్లలోనే జరిగిపోవాలి. ప్రమాదంలో చూపుడువేలు పోగొట్టుకున్న కార్మికుడికి మెదడులో ఏ భాగం పోయినట్టో కూడా వీరే సెలవివ్వాలి. మేధ ఎన్నో రకాలన్న సిద్ధాంతాన్ని 1983లో ప్రతిపాదించిన హోవార్డ్ గార్డ్‌నర్ ఈ పరీక్షను తాను సమర్థించడం లేదని బహిరంగంగానే చెప్పారు. ఆ సిద్ధాంతం మీదే మనస్తత్వ శాస్త్రవేత్తల్లో ఎన్నో అభ్యంతరాలున్నాయన్నది వేరే సంగతి. భారతదేశంలోని మానసిక వైద్యుల సంస్థ ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా డీఎంఐటీకి శాస్త్రీయమైన ఆధారం లేదని ప్రకటించింది. అయినా దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి.

నివేదిక చదివినవారిలో చాలామంది 'అచ్చం నా గురించే రాశారు' అని ఎందుకు ఆశ్చర్యపోతారన్న ప్రశ్నకు జవాబు 1948 నాటిది. బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తరువాత ఎవరి ఫలితం వారికి విడిగా ఇచ్చి, అది ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు వచ్చాయి. ఆ తరువాతే అందరికీ ఇచ్చినది ఒకే కాగితమని, అందులోని వాక్యాలు బజారులో దొరికే జాతకాల పుస్తకం నుంచి ఎత్తినవని బయటపెట్టాడు. మీలో వాడుకోని శక్తి చాలా ఉంది, పైకి ధైర్యంగా కనిపించినా లోపల సందేహాలుంటాయి అన్న ధోరణి వాక్యాలు ఎవరికైనా సరిపోతాయి. దారి తోచక ఉన్నవారికి మరింత బాగా సరిపోతాయి, ఎందుకంటే వాడుకోని శక్తి ఉందని ఎవరైనా చెప్పాలని వారు ఎదురుచూస్తుంటారు.

ఈ పరీక్షను కొట్టిపారేసినా, దానికి గిరాకీ తెచ్చే నమ్మకం మాత్రం మిగిలే ఉంటుంది. ప్రతి మనిషికీ లోపల ఒక పని ముందుగానే సిద్ధంగా ఉంటుందని, దాన్ని కనిపెట్టలేకపోవడమే వెలితికి కారణమని చదువుకున్నవారు కూడా నమ్ముతున్నారు. ఈ నమ్మకం ఉన్నవారికి ఏమవుతుందో 2018లో పాల్ ఓకీఫ్, కేరల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ ప్రచురించిన పరిశోధన చూపింది. అందులోని ఒక ప్రయోగంలో కృష్ణబిలాల మీద హాయిగా సాగే వీడియో చూపించి ఆసక్తి పుట్టించాక, అదే విషయం మీద కష్టమైన శాస్త్ర వ్యాసాన్ని చదవమన్నారు. ఆసక్తులు పుట్టుకతో వస్తాయన్న భావనకు లోనైనవారిలో ఆ ఉత్సాహం ఎక్కువగా పడిపోయింది, ఆసక్తి పెంచుకునేదని భావించినవారిలో అంతగా పడిపోలేదు. అంటే ఇది తన అసలు పని అయివుంటే ఇంత కష్టంగా ఉండదు కదా అన్న ఆలోచనే మనిషిని మొదటి మలుపులోనే వెనక్కు తిప్పుతుంది. కోడింగ్ మీద ఆరు నెలలు, ఫొటోగ్రఫీ మీద ఆరు నెలలు, యూట్యూబ్ ఛానల్ మీద మరికొన్నాళ్లు గడిపి, ఏదీ తనది కాదని తేల్చుకునే యువకుడి కథ చాలాసార్లు ఇదే. ఆసక్తి అనేది పరిస్థితి వల్ల పుట్టి, తిరిగి తిరిగి ఆ పని చేయడం వల్ల, దాన్ని గురించి తెలిసేకొద్దీ, తోడుగా మరికొందరుండడం వల్ల దశలవారీగా స్థిరపడుతుందని సుజాన్ హైడీ, ఆన్ రెనింజర్ 2006లో ప్రతిపాదించిన నమూనా చెబుతుంది.

పైగా వెలితి పని పేరులో ఉండదనడానికి మరో ఆధారముంది. ఉద్యోగాన్ని జీతం కోసం చేసే పనిగా, పైకెదిగే మెట్టుగా, దానికదే విలువైన వృత్తిగా చూసే మూడు ధోరణులను 1997లో ఎమీ రెజ్‌నెస్కీ, ఆమె సహచరులు అధ్యయనం చేసినప్పుడు, ఒకే రకమైన కొలువు చేస్తున్న కళాశాల కార్యాలయ సహాయకులు ఆ మూడింటిలోనూ దాదాపు సమానంగా కనిపించారు. వేలిముద్రలకు గానీ, కాలేజీలో దక్కిన బ్రాంచికి గానీ ఈ తేడాతో నిమిత్తం లేదు. తెలుగు రాష్ట్రాల్లో పదిహేను పదహారేళ్లకే గ్రూపు ఎంచుకొని, ఈఏపీసెట్ ర్యాంకు దగ్గర బ్రాంచి తేలి, క్యాంపస్ ఇంటర్వ్యూలో ఏ కంపెనీ తీసుకుంటే ఆ పనిలో చేరిన వ్యక్తికి, ఆ పని రోజంతా ఎలా ఉంటుందో చూసే అవకాశం ఉద్యోగం వచ్చేదాకా రాదు. అలాంటివారు దారి తప్పారనడం కంటే దారులను చూడనేలేదనడం న్యాయం. వారికి కావలసింది రకరకాల పనుల లోపలి రూపం గురించిన సమాచారం.

చిన్న అపోహల మీద ఎక్కువ కాలం వృథా చేయనవసరం లేదు. ఏలినాటి శని వల్ల ఉద్యోగం మీద విరక్తి కలుగుతుందన్న మాటకు ఉంగరం అమ్మేవారి ఆదాయం తప్ప ఆధారం లేదు. ముప్పై దాటితే రంగం మార్చుకోలేరన్నది పెళ్లిసంబంధాల లెక్క తప్ప మనస్తత్వ శాస్త్రం కాదు. వీసా వస్తే అన్నీ సర్దుకుంటాయనుకునేవారు, అక్కడికి వెళ్లేది కూడా తామేనన్న సంగతి మరచిపోతారు. సర్కారు కొలువు వస్తే సందేహాలన్నీ తీరిపోతాయన్న నమ్మకం మాత్రం వయసును మింగేస్తుంది. 503 పోస్టుల కోసం 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయి, 2023 జూన్‌లో మళ్లీ జరిపినదీ హైకోర్టు తీర్పుతో రద్దయింది. హైదరాబాద్‌లో పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడిన అశోక్‌నగర్ గదుల్లో ఆ కాలమంతా చదువుతూ గడిపినవారి అయోమయాన్ని వారి మనసులో వెతకడం అన్యాయం.

జీతం పెరిగితే ఈ బాధ పోతుందన్న నమ్మకాన్ని కూడా ఇదే వరుసలో తోసిపుచ్చాలని ఉపన్యాసకులు ఉబలాటపడతారు గానీ, ఇక్కడ కొంత ఒప్పుకోక తప్పదు. ఏటా 75 వేల డాలర్ల ఆదాయం దాటాక రోజువారీ సంతోషం పెరగదని 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అమెరికా లెక్కలతో చెప్పినప్పుడు లోకమంతా దాన్ని సూక్తిగా వాడుకుంది. మాథ్యూ కిలింగ్స్‌వర్త్ దాన్ని ప్రశ్నించాక, 2023లో కానెమన్ ఆయనతోనే కలిసి చేసిన విశ్లేషణలో చాలామందికి ఆదాయంతోపాటు సంతోషం కూడా పెరుగుతూనే ఉందని, అందరికంటే అసంతృప్తిగా ఉన్న అయిదో వంతు మందికి మాత్రం లక్ష డాలర్ల ప్రాంతంలో ఆ పెరుగుదల ఆగిపోతుందని తేలింది. ఇంటి అద్దె, తల్లి మందుల ఖర్చు, చదువు అప్పు ఈఎంఐ కలిసి నెలాఖరుకు జీతాన్ని తినేస్తుంటే, ఆ మనిషికి జీవితార్థం గురించి బోధించడం కంటే పది వేలు ఎక్కువిచ్చే కొలువు చూపించడమే మేలు. డబ్బు సరిపోతున్నా వెలితి తగ్గనివారి సంగతి వేరు, వారికి మరో ఇంక్రిమెంటు మందు కాదు.

అలాంటివారు రాజీనామా పత్రం రాయకముందే, ఉన్న పనిలోనే చేతనైనంత మార్పు చేసి చూడడం మంచిది. రెజ్‌నెస్కీ, జేన్ డటన్ 2001లో జాబ్ క్రాఫ్టింగ్ అని పేరుపెట్టిన ఈ పద్ధతిలో ఉద్యోగి తాను చేసే పనుల మోతాదును, తాను కలిసి మెలగే మనుషులను, తన పనిని తాను చూసే తీరును స్వయంగా కొద్దికొద్దిగా మార్చుకుంటాడు. టెస్టింగ్ చేసే ఉద్యోగి కొత్తవారికి పని నేర్పే బాధ్యత అడిగి తీసుకోవడం దీనికి చిన్న ఉదాహరణ. వేరే రంగం మీద మనసుంటే ఆ రంగంలో పదేళ్లు పనిచేసిన మనిషిని కలిసి, గొప్పల గురించి కాక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో అడగాలి. వీలైతే సెలవుల్లో అక్కడ కొన్నాళ్లు చేతులతో పని చేయాలి. బాగా కష్టమనిపించిన తరువాత కూడా మరికొంతకాలం కొనసాగించాకే అది తన పనో కాదో తేల్చుకోవాలి. నోటీస్ పీరియడ్ మొదలుపెట్టే ముందు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

దారి తోచకపోవడాన్నీ, అలసటనూ, జబ్బునూ ఒకటిగా చూడకూడదు. పనిలో ఎడతెగని ఒత్తిడి వల్ల శక్తి హరించుకుపోవడం, పనిపట్ల దూరం, ఏవగింపు, సామర్థ్యం తగ్గినట్టనిపించడం అనే మూడు లక్షణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌గా వివరించి, దాన్ని వ్యాధిగా కాక ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా లెక్కగట్టింది. దీనికి మొదట మారవలసింది పనిగంటలూ పనిభారమూ. వృత్తి మార్పు ఆలోచన ఆ తరువాతి మాట. పనిమీదే కాక తిండి, నిద్ర, స్నేహితులు, ఇష్టమైన ఆట, అన్నిటి మీదా ఆసక్తి చచ్చి, దిగులు రెండు వారాలకు మించి రోజంతా వదలకపోతే అది కెరీర్ సమస్య కాదు, కుంగుబాటు వ్యాధి కావచ్చు. అప్పుడు వెళ్లవలసింది మానసిక వైద్యుడి దగ్గరకు. అంతదూరం వెళ్లడానికి వెనుకాడేవారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.