నేత్రాణి నీళ్ళలోకి

మురుడేశ్వర క్షేత్రానికి పోయేవారు స్వామి దర్శనం చేసుకొని, సముద్రాన్ని ఒడ్డునుంచే చూచి తిరిగివస్తారు. అక్కడికి సుమారు 19 కిలోమీటర్ల దూరాన నేత్రాణి దీవి ఉన్నది. దాని చుట్టూ నీటి అడుగున పగడాలున్నాయి. వానకాలంలో పడవలు పోవు గనుక, వాటిని చూడడానికి మేము నలుగురం జనవరిలో బయలుదేరాము. నలుగురమూ ఈ విద్య నేర్చినవారమే.

మునక ముప్పావుగంట పని. ఏర్పాటుకు వారం పట్టినది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణమంత పీడనం హెచ్చుతుంది. 10 మీటర్ల లోతున సిలిండరులోని గాలి పైన కంటె రెట్టింపు ఖర్చవుతుంది. కనుక 200 బార్లతో దిగి, 50 మిగిలి ఉండగానే పైకి చేరవలెనని లెక్క వేసుకొన్నాము. మునిగిన తరువాత విమానమెక్కడానికి 18 గంటలైనా ఆగవలె. ఘాటురోడ్డెక్కడానికీ తొందర తగదు. అందుచేత ఆ రాత్రి మురుడేశ్వరంలోనే బస అనుకొన్నాము.

తీరా ఆ ఉదయం మా బావగారికి జలుబు చేసినది. అసలు ఈ ప్రయాణం తలపెట్టినది ఆయనే! ముక్కు దిబ్బడగా ఉంటే చెవులలో ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి చిరగవచ్చు.

"మాత్ర వేసుకొని దిగుతానయ్యా" అన్నారు.

మాత్ర బలం నీటిలో ఉండగా తగ్గితే, పైకి వచ్చేటప్పుడు మరీ చిక్కు. మేము ఒప్పుకోలేదు. కొంచెం గట్టిగానే మాటలైనాయి. చివరకు ఆయన పడవలో కూర్చుండి, మేము దిగిన వేళ, లేచిన వేళ కాగితం మీద వ్రాశారు.

పైకి వచ్చి చిలుకచేపల సంగతి చెప్పబోతే ఆయన వినిపించుకోలేదు. పడవవానితో, "ఫిబ్రవరిలో ఎప్పుడు వీలవుతుంది?" అని అడుగుతున్నారు.