గుమ్మము కడ నిలిచిన అప్‌డేటు

కంప్యూటరును నడపు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరు అని పేరు. అది మనుష్యులు వ్రాసినది గావున అందు దోషములుండుట సహజము. దోషము బయటపడినపుడు దానిని వ్రాసినవారు సవరణను సిద్ధపరచి ఇంటర్నెట్టు ద్వారా పంపుదురు. దానినే అప్‌డేటు అందురు.

అప్‌డేటు సకాలమున చేరనిచో కలుగు నష్టము స్వల్పము కాదు. 2017వ సంవత్సరము మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోస్‌లోని ఒక పెద్ద దోషమునకు సవరణ విడుదల చేసెను. రెండు నెలలు నిండకమునుపే, మే 12వ తేదీన, వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ దోషమునే ఆసరాగా గొని, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టి పీడించెను. ఇంగ్లండులో పెక్కు ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను. సవరణ చేరియున్న కంప్యూటర్లలోనికి అది ఆ దారిన ప్రవేశింపలేకపోయెను.

పాఠశాలలలోను, కార్యాలయములలోను కంప్యూటర్లు తరచుగా ఇంటర్నెట్టుతో నేరుగా కలిసియుండవు. నడుమ ప్రాక్సీ సర్వరు అను మరియొక కంప్యూటరు ఉండును. అది కోటగుమ్మము నందలి కావలివాని వంటిది. లోపలివారి కోరికను విని, బయటి నుండి కోరినదానిని తెచ్చి యిచ్చును. అడిగినవారెవరో, అడిగినదేమో విచారించి, తగనిదానిని ఆపును.

ఇట్టి చోట్ల ఒక వింత కనబడుచుండును. బ్రౌజరులో వెబ్‌సైట్లన్నియు చక్కగా తెరచుకొనును. అప్‌డేటు మాత్రము రాదు. దీనికి కారణమేమి? బ్రౌజరును నడపువాడు మనుష్యుడు. అతని పేర నున్న అమరికలలో ప్రాక్సీ చిరునామా ఉండును. కావలివాడు అడిగినచో అతడు పాస్‌వర్డు చెప్పగలడు. అప్‌డేటును తెచ్చు ప్రోగ్రామో, తెర వెనుక యంత్రము పేరనే పనిచేయును. విండోస్‌లో ఇట్టి ప్రోగ్రాముల కొరకు విన్‌హెచ్‌టీటీపీ అను వేరొక అమరిక కలదు. అందు ప్రాక్సీ చిరునామా లేనిచో అవి గుమ్మమును ఎరుగక గోడవైపు నడచి, అచ్చటనే నిలిచిపోవచ్చును.

దోషమును కనుగొనుటకు క్రమము అవసరము. మొదట అచ్చటి ఇతర కంప్యూటర్లకు అప్‌డేటు వచ్చుచున్నదా యని చూడవలెను. దేనికిని రానిచో ప్రాక్సీని గాని, దాని కావలి మార్గమును గాని శంకింపవలెను. ఒక్కదానికే రానిచో ఆ యంత్రమునందే వెదకవలెను. దాని గడియారమును, తేదీని సరిచూడవలెను. అవి తప్పినచో, పంపినవారిని గుర్తించు ధ్రువపత్రము చెల్లనిదిగా తోచును. పిమ్మట ప్రాక్సీ అమరికలను చూడవలెను.

తెరపైని గాని, ప్రాక్సీ దినచర్య పుస్తకము వంటి లాగ్ ఫైలులో గాని కనబడు సంఖ్యలును దారి చూపును. 407 అనగా ప్రాక్సీ గుర్తింపు కోరుచున్నదని అర్థము. 403 అనగా అనుమతి లేదని అర్థము. 504 అనగా ఆవలి సర్వరు నుండి సకాలమున జవాబు రాలేదని అర్థము. మూడింటికిని మందు ఒక్కటి కాదు. మొదటిదానికి గుర్తింపు ఏర్పాటును, రెండవదానికి అనుమతుల పట్టికను, మూడవదానికి ఆవలి మార్గమును పరిశీలింపవలెను. ఒక్కసారి ఒక్క అమరికనే మార్చి, ఫలితము చూచిన పిదపనే రెండవదానిని ముట్టవలెను. పలుమార్పులు ఒక్కమారు చేసినచో ఏది గుణమిచ్చినదో తెలియదు.

కొన్ని ప్రాక్సీలు ముద్రవేసిన సంచిని విప్పి చూచి, తమ ముద్ర వేసి లోనికి పంపును. అప్‌డేటు ప్రోగ్రాము ఆ క్రొత్త ముద్రను నమ్మక నిరాకరింపవచ్చును. అది దాని తప్పు కాదు, దాని ధర్మము. అపుడు నెట్‌వర్కు నిర్వాహకుడు అప్‌డేటు చిరునామాలను ఆ తనిఖీ నుండి మినహాయించుట తగిన మార్గము. విసుగు చెంది ధ్రువపత్రముల పరీక్షనే మాన్పించుటయు, ఊరు పేరు లేని వెబ్‌సైటు నుండి అప్‌డేటును తెచ్చుకొనుటయు, ఎలుకల మీది కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటివి. కావలివానిని తొలగించుట కార్యము కాదు. మంచి కొరకు వచ్చినవానిని అతడు గుర్తుపట్టునట్లు చేయుటయే కార్యము.