పసిఫిక్ దీవుల వాన, కెరటం



మా బడిలో ఎనిమిదో తరగతికి భూగోళం పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, చుట్టూ సముద్రమే ఉన్న దీవిలో కూడా కరువు వస్తుందా?" అని అడిగింది. పిల్లలందరూ గొల్లున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. వస్తుంది. దీవుల్లోనూ కరువు వస్తుంది. అంతేకాదు, ఆ దీవుల వానకూ, మన బళ్లారి, అనంతపురం సీమల వానకూ దూరపు చుట్టరికం కూడా ఉంది. ఆ సంగతే ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా ఆ దీవులు ఎలాంటివో చూద్దాం. పసిఫిక్ మహాసముద్రం భూమి ఉపరితలంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. అందులో భూమధ్యరేఖకు రెండు వైపులా వేల దీవులు చల్లినట్టు కనిపిస్తాయి. వాటిని రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. ఫిజీ, సమోవా, వనువాటు, సాలమన్ దీవులు ఎత్తయినవి. అక్కడ కొండలున్నాయి, వాగులున్నాయి, అడవులున్నాయి. కిరిబాటి, తువాలు, మార్షల్ దీవులు పల్లపువి. పగడపు జీవుల గుల్లలు యుగాల తరబడి పేరుకుని ఏర్పడిన సన్నని వలయాలు అవి. మధ్యలో ఉప్పునీటి మడుగు, చుట్టూ కొన్ని వందల మీటర్ల వెడల్పున నేల. ఉన్న నేలలో చాలా భాగం సముద్రమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తే. తువాలు దేశం మొత్తం తొమ్మిది దీవులు, 26 చదరపు కిలోమీటర్లు. మనలో కొన్ని పెద్ద గ్రామాల పొలిమేర అంతకంటె పెద్దది.

కిరిబాటి అని రాస్తారు గాని, అక్కడివారు దాన్ని "కిరిబాస్" అని పలుకుతారు. వారి లిపిలో "టి" అనే రాతకు "స్" అనే ఉచ్చారణ. ఆ దేశంలోని 33 దీవులను ఒకచోట చేరిస్తే ఎనిమిది వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల అవుతుంది. అవి పరచుకున్న సముద్రం మాత్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే వైశాల్యంలో మన భారతదేశం కంటె పెద్దది.

ఎత్తయిన దీవుల వాన సంగతి మనకు సులభంగానే అర్థమవుతుంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు దిక్కు నుంచి గాలి వీస్తుంది. వ్యాపార పవనాలు అని పిల్లల పుస్తకాల్లో చదువుకున్నామే, అవే. ఫిజీలోని పెద్ద దీవి విటిలెవు మీదికి ఆగ్నేయం నుంచి ఈ గాలి తేమను మోసుకొచ్చి కొండలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, వాన కురుస్తుంది. అందుకే కొండకు ఎదురుగాలి వైపున్న సువా నగరంలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. కొండకు అవతల, పడమటి వైపున్న నాడిలో రెండు వేలకు లోపే. మన ఆగుంబెలో కుండపోత, బళ్లారిలో చినుకులు. కారణం ఒక్కటే. ఎండ ఎక్కువగా కాసే ఆ పడమటి వైపే ఫిజీలో చెరకు తోటలు పెరిగాయి. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి సుమారు 60,000 మందిని ఒప్పంద కూలీలుగా ఫిజీకి తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడ ఎక్కించారు. వారిలో ఉత్తర ఆర్కాడు, విశాఖపట్టణం వంటి జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఆ చెరకు తోటల్లో చెమటోడ్చిన మనవాళ్లకు ఈ గాలి, ఈ వాన రోజువారీ బతుకు.

ఇక పల్లపు దీవుల సంగతి. అక్కడ కొండ లేదు, వాగు లేదు, చెరువు లేదు. తాగునీటికి ప్రధానమైన సహజ ఆధారాలు రెండు. ఇంటికప్పు మీద పడిన వానను తొట్టెల్లో పట్టుకోవడం ఒకటి. రెండోది నేల కింది నీరు. వాన నీరు పగడపు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న సముద్రపు నీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక కాబట్టి పైన నిలుస్తుంది. మన ఏటి ఇసుకలో చెలమ తవ్వుకున్నట్టు వారు లోతు తక్కువ బావులు తవ్వి ఆ పొరలోని నీటిని జాగ్రత్తగా తోడుకుంటారు. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. నెలల తరబడి వాన లేకపోతే పొర పలచబడి బావి ఉప్పగా మారుతుంది. కొబ్బరి కాపు తగ్గుతుంది. నీటి గుంటల్లో పెంచే చేమజాతి దుంప, వాళ్లు "బబాయి" అంటారు, వాడిపోతుంది. యానాం, పులికాట్ వైపు సముద్రం ఒడ్డున బావి తవ్వుకున్నవారికి ఈ బాధ నేను వేరే చెప్పనక్కర లేదు.

మరి వాన ఎందుకు తప్పుతుంది? దీనికి జవాబు ఆ దీవి మీది ఆకాశంలో దొరకదు. వేల కిలోమీటర్ల సముద్రపు వేడిలో ఉంది.

తూర్పు నుంచి వీచే గాలి సముద్రం పైభాగంలోని వెచ్చని నీటిని పడమటికి నెడుతూ ఉంటుంది. ఆ నీరంతా పాపువా న్యూగినీ, సాలమన్ దీవుల చుట్టూ చేరుతుంది. అక్కడ నీటి వేడి 28, 29 డిగ్రీలు దాటుతుంది. తూర్పు తీరంతో పోలిస్తే అక్కడ సముద్రమట్టం అర మీటరు దాకా ఎత్తుగా ఉంటుంది. అటు తూర్పున, పెరూ దేశపు తీరంలో, తరలిపోయిన నీటి స్థానంలోకి లోతు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో చేపలకు మేత పుష్కలం. వెచ్చని నీరు ఎక్కడుంటే గాలి అక్కడ పైకి లేస్తుంది. గాలి లేచిన చోట మేఘం, మేఘం ఉన్న చోట వాన. మామూలు సంవత్సరాల్లో జరిగేది ఇదే.

కొన్ని సంవత్సరాలకు ఒకసారి తూర్పు గాలి బలహీనపడుతుంది. పడమట పోగుపడ్డ వెచ్చని నీరు తిరిగి తూర్పుకు సాగుతుంది. దానితో మేఘాలూ తూర్పుకు జరుగుతాయి. దీనినే ఎల్‌నినో అంటారు. పెరూ జాలరులు క్రిస్మస్ రోజుల్లో వచ్చే వెచ్చని నీటిని చూసి బాల ఏసు పేరుమీద పెట్టుకున్న మాట అది. ఎల్‌నినో ఏట కిరిబాటిలో కుండపోత వానలు. అదే ఏట పాపువా న్యూగినీలో, ఫిజీలో అనావృష్టి. 1997లో పాపువా న్యూగినీ కొండ ప్రాంతాల్లో వాన లేక, మబ్బు లేని రాత్రుల్లో మంచు గడ్డకట్టి చిలగడదుంప పంట పోయింది. 1998లో ఫిజీ చెరకు ఎండింది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది లానినా. అప్పుడు తూర్పు గాలి మరింత బలంగా వీస్తుంది, వెచ్చని నీరు పడమటనే కట్టుబడి ఉంటుంది, మధ్య పసిఫిక్‌లో వాన తప్పుతుంది. 2011లో తువాలులో నీళ్లు అడుగంటి ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దేశాలు సాయానికి వచ్చాయి. 2020 నుంచి వరుసగా మూడేళ్లు లానినా నడిచింది. 2022 జూన్‌లో కిరిబాటి కూడా అనావృష్టి వల్ల విపత్తు పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు.

ఇప్పటిదాకా వాన సంగతి. ఇక కెరటం సంగతి. అక్కడి వాతావరణ ప్రకటనలో వాన ఒక్కటే చెబితే చాలదు. గాలి, కెరటం, పోటు, ఈ మూడూ చెప్పాలి. ఎందుకో వినండి.

సముద్రంలో అల గాలి వల్ల పుడుతుంది. తుఫాను గాలికి పుట్టిన అలల్లో చిన్నవి దగ్గరలోనే అణగిపోతాయి. పొడవైనవి మాత్రం గాలి ఆగిపోయినా ఆగకుండా వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తాయి. తీరా దీవి చేరేసరికి అక్కడ ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు, ఆకు కదలకపోవచ్చు. 2008 డిసెంబరులో ఇదే జరిగింది. ఎక్కడో ఉత్తరాన లేచిన తుఫానుల కెరటాలు మైక్రోనేషియా, మార్షల్, సాలమన్ దీవుల మీదికి, పాపువా న్యూగినీ తీరం మీదికి వచ్చి ఊళ్లను ముంచాయి. చాలా చోట్ల తుఫాను జాడే లేదు. అందుచేత ఆకాశం బాగుంది కదా అని సముద్రాన్ని నమ్మడానికి వీలు లేదు.

రెండోది పోటు. పున్నమికి, అమావాస్యకు పోటు పెద్దదని గోపాలపురం జాలరిని అడిగినా చెబుతాడు. తువాలు రాజధాని ఫునాఫుటిలో ఏడాది మొదటి నెలల్లో వచ్చే పెద్ద పోటుకు నీరు ఒడ్డు దాటి మాత్రమే రాదు. పగడపు నేల జల్లెడ వంటిది గనుక, ఊరి మధ్యలో నేలలో నుంచే ఉబికి వస్తుంది. గోడ కట్టినా ఆ నీరు ఆగదు.

మూడోది అసలు సముద్రమట్టమే మారడం. వెచ్చని నీరు పడమట పోగుపడినప్పుడు అక్కడ మట్టం పెరుగుతుంది, తరలిపోయినప్పుడు తగ్గుతుంది. బలమైన ఎల్‌నినో ఏట సమోవా తీరంలో నీరు ఎంత తగ్గుతుందంటే, పగడపు దిబ్బలు బయటపడి ఎండకు చచ్చి కుళ్లు వాసన వేస్తాయి. దానికి సమోవా భాషలో "తైమాసా" అని పేరు. కంపుకొట్టే సముద్రం అని అర్థం. వీటన్నిటికీ తోడు భూమి వేడెక్కడం వల్ల ప్రపంచమంతటా సముద్రమట్టం 1900 తరువాత దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. రెండు మీటర్ల ఎత్తున్న నేల మీద కాపురం ఉండేవాడికి జానెడు ఎత్తు చిన్న విషయం కాదు.

పెద్ద పోటు, దూరపు కెరటం, పెరిగిన మట్టం ఒకే వేళకు కలిస్తే ప్రమాదం. 2015 మార్చిలో పామ్ అనే తుఫాను వనువాటును ధ్వంసం చేసింది. దాని కేంద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, తువాలు దీవుల మీదికి కెరటాలు వచ్చిపడ్డాయి. ఇళ్లు పోయాయి, బావుల్లోకి, పంట గుంటల్లోకి ఉప్పునీరు చేరింది. కెరటం గంటల్లో వెనక్కి పోతుంది. బావిలో ఉప్పు విరగాలంటే నెలల తరబడి వానలు కురవాలి. కెరటం నష్టం తీర్చేది మళ్లీ వానే. అందుకే ఆ దీవులలో వాననూ, కెరటాన్నీ వేరు చేసి చూడలేం.

తుఫానుల గురించి ఒక మాట. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో తుఫాను సుడి తిరగదు. భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మలుపు అక్కడ చాలదు. అందుకే కిరిబాటి రాజధాని తరావాకు తుఫాను భయం లేదు. ఫిజీ, వనువాటు, టోంగా దీవులకు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాను కాలం. ఎల్‌నినో ఏట తుఫానులు ఇంకా తూర్పుకు వెళ్తాయి. 1982-83లో మామూలుగా తుఫాను ఎరుగని తాహితీ వైపు దీవులను అవి వరుసగా కొట్టాయి. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ అనే తుఫాను ఫిజీని తాకి 44 మంది ప్రాణాలు తీసింది. ఆ ప్రాంతానికి హెచ్చరికలు ఇచ్చే కేంద్రం ఫిజీలోని నాడిలోనే ఉంది. తీగ తెగి, దీపం ఆరిపోయిన దీవికి ఆ హెచ్చరిక చేరవేసేది చాలాసార్లు బ్యాటరీతో పనిచేసే రేడియోనే.

ఇక చివరగా మన చుట్టరికం సంగతి. 1876-78లో ధాత కరువు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. బళ్లారి జిల్లా అన్నిటికంటె ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. ఆ కథలు మా అవ్వల తరం దాకా నిలిచాయి. ఆ వానలు తప్పిన 1877లోనే పసిఫిక్‌లో బలమైన ఎల్‌నినో ఉందని తరువాత శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ సంబంధం పట్టుకోవడానికి దారి వేసింది మన దేశపు వాతావరణ శాఖే. 1904 నుంచి 1924 దాకా ఆ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనం ఎప్పుడు తప్పుతుందో ముందుగా చెప్పాలని ప్రపంచమంతటి వాతావరణ లెక్కలు తెప్పించి పోల్చి చూశాడు. పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందనీ, ఇటు పెరిగితే అటు తగ్గుతుందనీ కనుగొన్నాడు. మన ఏతం మాను ఒక కొన దిగితే రెండో కొన లేచినట్టు. ఈ ఊగుకూ సముద్రపు వేడికీ ఉన్న ముడిని 1969లో బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు విప్పి చెప్పాడు. 1994 చివరికి పసిఫిక్‌లో భూమధ్యరేఖ పొడుగునా సుమారు 70 తేలే పరికరాలను లంగరు వేసి నిలిపారు. నీటి వేడి ఎటు జరుగుతున్నదో అవి ఎప్పటికప్పుడు చెప్పడం మొదలుపెట్టాయి.

అయితే ఒక హెచ్చరిక. ఎల్‌నినో వచ్చిన ప్రతిసారీ మనకు కరువు వచ్చి తీరుతుందని కాదు. 2002లో, 2009లో, 2015లో దేశంలో వాన బాగా తగ్గింది. కాని అంతటి బలమైన ఎల్‌నినో వచ్చిన 1997లో దేశం మొత్తం మీద వాన మామూలుగానే పడింది. మన హిందూ మహాసముద్రపు వేడి కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. కాబట్టి ఎల్‌నినో అన్న మాట విని బెంబేలు పడనక్కర లేదు. అలాగని పెడచెవిన పెట్టనూ కూడదు. విత్తనం కొనే ముందు, చెరువు నీరు వదిలే ముందు, ఆ వార్త ఒకసారి విని ఆలోచించుకుంటే చాలు.

మా తరగతిలో పాఠం ముగిశాక ఆ అమ్మాయి మళ్లీ లేచింది. "అయితే సార్, వాళ్లకు వాన ఎక్కువైన ఏడు మనకు తక్కువ కావచ్చన్న మాట" అంది. అవునమ్మా, కావచ్చు, అన్నాను. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు. పటం తీసి తరావా ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.