‘శ్రమ’ అనే మాట: అర్థము, వాడుక, కాపరి బాధ్యత

తెలుగు సంఘములలో తరచుగా వినబడే మాటలలో ‘శ్రమ’ ఒకటి. శ్రమకాల ధ్యానములు, క్రీస్తు శ్రమలు, మహాశ్రమలు, శ్రమలలో ఓర్పు అని మనము నిత్యము చెప్పుకుంటాము. అయితే సంఘము వెలుపల ఈ మాటకు వేరొక అర్థము ముందుగా తోస్తుంది. శ్రమజీవి, శ్రమదానము, శ్రమ దోపిడీ అన్నప్పుడు వినేవారికి తట్టేది బాధ కాదు, ఒళ్లు వంచి చేసే పని. “మీకు శ్రమ ఇచ్చాము” అని అతిథి అంటే అది మర్యాద మాట. ఒకే మాటకు గల ఈ రెండు అర్థములను పరిశీలించి, కాపరి దానిని ఎంత జాగ్రత్తగా వాడాలో ఈ వ్యాసములో వివరించదలిచాము.

మాట మూలము

సంస్కృతములో ‘శ్రమ్’ ధాతువుకు అలసిపోవుట, పాటుపడుట అని అర్థము. పరిశ్రమ, ఆశ్రమము, శ్రమణుడు, విశ్రాంతి అనే మాటలు దీనినుండి పుట్టినవే. అచ్చమైన వాడుకలో కూడా పనికీ బాధకూ మధ్య గోడ పలుచనే. ‘రెక్కల కష్టం’ అంటే పని. ‘కష్టాలు వచ్చాయి’ అంటే బాధ. ‘పాటుపడు’ అంటే పనిచేయుట. ‘పడరాని పాట్లు’ అంటే బాధలు. కూలి చేసుకొని బ్రతికేవారి జీవితములో ఈ రెండూ కలిసే ఉంటాయి, వారి భాషలోనూ అంతే.

గ్రంథములోని వాడుక

హెబ్రీ భాషలోని ‘అమాల్’ అనే పదము సరిగా ఇటువంటిదే. ప్రసంగి గ్రంథములో అది ముఖ్యముగా సూర్యుని క్రింద మనుష్యుడు పడే ప్రయాసమును తెలుపుతుంది. యోబు 5:7లోను, కీర్తన 90:10లోను అదే పదము బాధను సూచిస్తుంది. ద్వితీయోపదేశకాండము 26:7లో ఐగుప్తులోని వెట్టిచాకిరిని గుర్తుచేసుకొనే సందర్భములో ఈ పదమే ఉన్నది. యెషయా 53:11లో దేవుని సేవకుడు పొందిన వేదనకు కూడా ఇదే పదము.

గ్రీకు నూతన నిబంధనలో ఈ భావములకు వేర్వేరు పదములున్నవి. ‘థ్లిప్సిస్’ అనగా నలుగగొట్టే ఒత్తిడి. ఇది 45 సార్లు కనబడుతుంది. జనులు తన మీద పడి ఇరుకున పెట్టకుండునట్లు యేసు దోనె సిద్ధముగా ఉంచమన్నప్పుడు (మార్కు 3:9) వాడబడిన క్రియ ఈ పదమునకు మూలము. ‘పథేమా’ అనగా ఒకడు అనుభవించిన బాధ. ‘కోపోస్’ అనగా అలసట తెచ్చే పని. మన వాడుక బైబిలు యోహాను 16:33లోని మొదటి పదమునూ, రోమా 8:18లోని రెండవ పదమునూ ‘శ్రమ’ అనే అనువదించింది. 1 కొరింథీ 15:58లోని మూడవ పదమును ‘ప్రయాసము’ అన్నది. కాబట్టి సంఘములో పెరిగినవారికి తికమక లేదు. కొత్తగా వచ్చినవారికి మాత్రము ‘శ్రమలయందు అతిశయము’ అనే మాట ఎక్కువ పని చేయమన్నట్లు వినిపించవచ్చును.

ఏది ఓర్చుకోవాలి?

ఇది అనువాద సమస్య మాత్రమే అయితే ఒక్క వివరణతో తీరిపోయేది. అసలు ప్రమాదము వేరు. పనికి ఫలమున్నది గనుక శ్రమ గౌరవప్రదమైన మాట. ప్రతి బాధకూ ఆ పేరు పెట్టినప్పుడు, ఆ బాధ కూడా గౌరవమును పొందుతుంది. భర్త చేతిలో దెబ్బలు తినే సహోదరితో “శ్రమలు ఓర్చుకోవాలమ్మా” అని చెప్పి పంపినప్పుడు జరిగేది ఇదే. ఒకని పాపము మరొకరి భక్తిగా లెక్కించబడుతుంది.

పేతురు మొదటి పత్రిక బాధపడుటను గూర్చిన క్రియను (‘పాస్ఖో’) 12 సార్లు వాడింది. అయినా అన్ని బాధలనూ అది ఒకే గాటన కట్టలేదు. కీడు చేసి పడే బాధ వేరు, క్రైస్తవుడైనందుకు పడే బాధ వేరు అని 4:15-16లో స్పష్టము చేసింది. 2:18-21 తప్పించుకొనే దారి లేని దాసులకు ఇచ్చిన ఆదరణ; కొట్టే యజమానికి ఇచ్చిన అనుమతి కాదు. కూలి బిగబట్టిన యజమానుని యాకోబు 5:4 గద్దిస్తుంది. కొరడాతో కొట్టబోగా పౌలు తన రోమా పౌరసత్వమును ఎత్తి చూపాడు (అపొ. 22:25). ఐగుప్తులోని ‘అమాల్’ను దేవుడు చూచాడు; చూచి, ఓర్చుకోమని చెప్పి ఊరుకోలేదు, విడిపించాడు.

కాపరులకు సూచనలు

వాక్యభాగమును బోధించేటప్పుడు అక్కడ ఉన్నది ఒత్తిడియా, అనుభవించిన బాధయా, పనియా అని ముందుగా తేల్చుకొని ఒక్క వాక్యములో విడమరచి చెప్పాలి. ‘థ్లిప్సిస్’ను వివరించుటకు ‘ఒత్తిడి’ అనే మాట నేటి యౌవనులకు సులభముగా అందుతుంది.

ఎవరైనా తమ బాధను చెప్పుకొనుటకు వచ్చినప్పుడు దానికి ‘శ్రమ’ అని పేరు పెట్టకముందే మూడు సంగతులు విచారించాలి. ఇది ఎవరి వలన కలుగుతున్నది? దీనిని ఆపే మార్గమున్నదా? దేని నిమిత్తము ఓర్చుకొంటున్నారు? జబ్బు, మరణము, విశ్వాసము నిమిత్తమైన నింద ఒక తెగ. హింస, కూలి ఎగవేత, కట్నపు వేధింపు మరొక తెగ. మొదటి దానిలో ప్రక్కన కూర్చుండుట కాపరి పని. రెండవ దానిలో ప్రార్థనతోపాటు ఆ మనిషిని క్షేమమైన చోటికి చేర్చుట కూడా అతని పనే. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. రక్షణాధికారి యొద్దకు ఆమెను తీసుకొని వెళ్లుట అవిశ్వాసము కాదు.

‘శ్రమ’ను మన ప్రసంగములనుండి తీసివేయమని మేము కోరుట లేదు. పనిని, బాధను ఒకే మాటలో పట్టుకున్న మన భాష యెషయా 53కు ఎంతో దగ్గరగా ఉన్నది. క్రీస్తు పడినది బాధ, చేసినది పని. దానికి ఫలము రక్షణ. ఆ మాటకున్న ఈ బరువు నిలవాలంటే, ఆపదగిన అన్యాయమునకు దానిని ముసుగుగా వాడకూడదు.