హైడ్రోజన్‌ను లోహంలో దాచవచ్చా?



“హైడ్రోజన్ మండితే నీళ్లే వస్తాయి కదా, మరి కార్లన్నిటికీ అదే ఎందుకు వాడరు?” సైన్స్ క్లాసులో పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. పెద్ద కారణాల్లో ఒకటి, దాన్ని దాచడం కష్టం.

దాచడం ఎందుకు కష్టం?

కేజీ పెట్రోల్‌తో పోలిస్తే కేజీ హైడ్రోజన్‌లో రెండున్నర రెట్లకు పైగా శక్తి ఉంటుంది. కానీ మామూలు పీడనంలో ఆ కేజీ గ్యాస్ పట్టాలంటే మన డాబాల మీద ఉండే వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంకులు 12 కావాలి. అందుకే కార్లలో దాన్ని గాలి పీడనానికి దాదాపు 700 రెట్ల ఒత్తిడితో సిలిండర్లలో నింపుతారు. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి.

మెగ్నీషియం ఏం చేస్తుంది?

స్కూల్ ల్యాబ్‌లో తెల్లటి వెలుగుతో మండే రిబ్బన్ ఈ లోహమే. దాని పొడిని వేడిచేసి, ఒత్తిడితో హైడ్రోజన్ పంపితే, ఆ గ్యాస్ పరమాణువులుగా విడిపోయి లోహంలోకి చేరుతుంది. అలా తయారైన 100 కేజీల మెగ్నీషియం హైడ్రైడ్‌లో 7.6 కేజీల హైడ్రోజన్ ఉంటుంది. లీటరు లెక్కన చూస్తే ద్రవ హైడ్రోజన్ కంటే ఇందులోనే ఎక్కువ పడుతుంది.

అసలు చిక్కు తిరిగి తీయడంలో ఉంది. మెగ్నీషియం హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. వదిలించాలంటే దాదాపు 300 డిగ్రీల వేడి కావాలి. వచ్చే హైడ్రోజన్ ఇచ్చే శక్తిలో సుమారు 30 శాతం ఈ పనికే సరిపోతుంది.

మిశ్రమ లోహాలు ఎందుకు?

1968లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్ శాస్త్రవేత్తలు రైలీ, విస్వాల్ మెగ్నీషియంకు నికెల్ కలిపిన మిశ్రమ లోహం గురించి ప్రకటించారు. అది హైడ్రోజన్‌ను త్వరగా తీసుకుని, కొంచెం తక్కువ వేడికే వదిలింది. కానీ పట్టే హైడ్రోజన్ 7.6 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గింది. లాంథనం, నికెల్ మిశ్రమం గది ఉష్ణోగ్రతలోనే వదులుతుంది, అయితే పట్టేది 1.4 శాతమే. ఎక్కువ పట్టేది సులువుగా వదలదు, సులువుగా వదిలేది ఎక్కువ పట్టదు. ఈ రెంటినీ కలపడానికే పరిశోధనలు నేటికీ సాగుతున్నాయి.

ఇంట్లో అడగండి

2030 నాటికి ఏటా కనీసం 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తయారుచేయాలన్నది మన దేశం పెట్టుకున్న లక్ష్యం. దాన్ని ఎక్కడ, ఎలా దాచాలన్నది మన పిల్లల తరం తేల్చాల్సిన ప్రశ్న. “హైడ్రోజన్ భవిష్యత్ ఇంధనం” అని రాస్తే పరీక్షలో ఒక మార్కు వస్తుంది. మీరు ఇంట్లో ఇంకో ప్రశ్న వేయండి: “బండికైతే బరువు ముఖ్యం. కదలకుండా ఒకేచోట ఉండే ఫ్యాక్టరీకైతే? అక్కడ కొలిమి వేడి వృథాగా పోతుంటే, మెగ్నీషియం పనికొస్తుందా?” జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే ఆలోచించనివ్వండి.